విశ్రాంతిని మరచిన దేహం

భయం కలిగినప్పుడు ‘గుండె దడదడలాడింది’ అంటారు. ‘నోరు ఎండిపోయింది’, ‘ఒళ్లు గగుర్పొడిచింది’, ‘అరచేతులు చెమర్చాయి’, ‘కాళ్లు వణికాయి’ అనే మాటలు కూడా తెలుగునాట నిత్యం వినిపిస్తాయి. మనసులోని అలజడిని దేహం ద్వారా చెప్పే పలుకుబడులివి. భరతుడు నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు ఉన్నాయి. అంటే చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు. మనసు కదిలితే దేహం కదులుతుందని ప్రాచీనులు గుర్తించారు. ఆ మార్పులు ఎందుకు కలుగుతాయో, నెలల తరబడి తగ్గకపోతే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దపు వైద్యశాస్త్రం వివరించింది.

హార్వర్డ్ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన వాల్టర్ కానన్ 1915లో ఈ విషయంపై ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రచురించాడు. ఆపద ఎదురైన ప్రాణి ఎదిరించి పోరాడాలి, లేదా తప్పించుకొని పారిపోవాలి. రెండింటికీ బలం అవసరం. అందుకే మూత్రపిండాల మీద టోపీల వలె అమరి ఉన్న అడ్రినల్ గ్రంథులు వెంటనే అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర రక్తంలో చేరుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. ఆ క్షణంలో అవసరం లేని జీర్ణక్రియ మందగిస్తుంది. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. కొద్ది నిమిషాల తరువాత మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథుల ప్రేరణతో కార్టిసాల్ అనే మరొక హార్మోను వెలువడి, ఈ సన్నాహం కొనసాగడానికి తోడ్పడుతుంది.

పొలం గట్టు మీద నడుస్తున్న రైతు కాలి దగ్గర పాము కదిలితే, అతడు ఆలోచించకముందే పక్కకు దూకుతాడు. అతన్ని కాపాడింది ఈ ఏర్పాటే. పాము పొదల్లోకి వెళ్లిపోయిన కొంతసేపటికి అతడు స్థిమితపడతాడు. ఇక్కడ స్వయంచోదిత నాడీవ్యవస్థలోని రెండు భాగాలు వంతులవారీగా పని చేశాయి. సహానుభూత నాడీవ్యవస్థ దేహాన్ని పోరాటానికి సిద్ధం చేసింది. సహానుభూత పర నాడీవ్యవస్థ దానిని మళ్లీ శాంతింపజేసింది. రక్తంలో చాలినంత కార్టిసాల్ చేరగానే మెదడు ఆ సంగతి గ్రహించి దాని ఉత్పత్తిని తగ్గిస్తుంది. కనుక ఒత్తిడి స్వభావరీత్యా శత్రువు కాదు. అది వచ్చిపోయే రక్షకభటుడు.

అయితే ఆ భటుడు ఇంట్లోనే తిష్ఠ వేస్తే పరిస్థితి మారుతుంది. తీరని అప్పు, నిలకడ లేని ఉద్యోగం, ఇంటిలోని కలహం, రాబోయే పరీక్షా ఫలితం పాము వలె పొదల్లోకి వెళ్లిపోవు. తలచుకున్నప్పుడల్లా అవి ఎదుటికి వస్తాయి. తలపుకు కూడా దేహం ఆపదకు స్పందించినట్లే స్పందిస్తుంది.

ఎడతెగని ఒత్తిడి చేసే హానిని వియన్నాలో జన్మించి కెనడాలో పరిశోధనలు సాగించిన హాన్స్ సెల్యే 1936లో వెల్లడించాడు. ఎలుకలను చలికి గురిచేసినా, గాయపరచినా, మితిమీరి శ్రమింపజేసినా వాటి దేహాల్లో ఒకే విధమైన మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. రోగనిరోధక శక్తికి ఆధారమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు ఏర్పడ్డాయి. దేహం మొదట హెచ్చరిక పొందుతుందని, తరువాత ప్రతిఘటిస్తుందని, ఒత్తిడి ఎంతకూ తొలగకపోతే చివరికి క్షీణిస్తుందని ఆయన ప్రతిపాదించాడు.

మనుషుల విషయంలోనూ దీర్ఘకాలిక ఒత్తిడి రక్తపోటు, గుండెజబ్బుల ముప్పును పెంచుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. దీనికి విద్యార్థులకు సన్నిహితమైన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో 11 మంది దంతవైద్య విద్యార్థులపై జరిపిన పరిశోధన 1998లో వెలువడింది. వారి అంగిలిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయాన్ని ఒకసారి వేసవి సెలవుల్లో, మరొకసారి ముఖ్యమైన పరీక్షకు మూడు రోజుల ముందు చేశారు. పరీక్షల కాలంలో చేసిన గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. మనుషులు వారే, గాయం అంతటిదే. మారింది ఒత్తిడి ఒక్కటే. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, పదకొండు మందిలో ఒక్కరికి కూడా పరీక్షల వేళ గాయం త్వరగా మానలేదు.

దీర్ఘకాలిక ఒత్తిడి విశ్రాంతి పొందే శక్తిని కూడా హరిస్తుంది. చాలాకాలం ఎత్తి ఉంచిన చెరువు తూము తలుపు తుప్పుపట్టి కిందికి దిగనట్లు, దేహం శాంతించే మార్గం మొరాయిస్తుంది. సాధారణంగా కార్టిసాల్ ఉదయం హెచ్చుగా ఉండి రాత్రికి తగ్గుతుంది. ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగితే ఈ లయ దెబ్బతినవచ్చు. అప్పుడు ఒళ్లు అలసినా కంటికి కునుకు రాదు. నిద్రలేమి మరునాటి ఒత్తిడిని పెంచుతుంది. ఆ ఒత్తిడి మళ్లీ నిద్రను దూరం చేస్తుంది. మెడ, భుజాలు, దవడల కండరాలు బిగుసుకొని ఉన్న సంగతి కూడా వ్యక్తికి తెలియదు. కొందరికైతే కళ్లు మూసుకొని కూర్చోగానే కలవరం హెచ్చవుతుంది. కాపలా విడిచిపెట్టడమే ప్రమాదమన్నట్లు దేహం ప్రవర్తిస్తుంది. ఇటువంటివారితో ‘ఊరికే కంగారుపడకు, కాసేపు హాయిగా పడుకో’ అని చెప్పడం వల్ల ప్రయోజనం స్వల్పం. విశ్రమించలేకపోవడం వారి సోమరితనమూ కాదు, మనోదౌర్బల్యమూ కాదు. అది దేహస్థితి.

దేహస్థితిని మార్చడానికి దేహమే దారి చూపుతుంది. గుండెను, జీర్ణాశయాన్ని మనిషి తన ఇచ్ఛ ప్రకారం నేరుగా నడిపించలేడు. శ్వాస మాత్రం తనంతట తానూ సాగుతుంది, కోరినట్లు కూడా నడుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరిగి, విడిచినప్పుడు తగ్గుతుంది. అందువల్ల ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా విడిచే అభ్యాసం శాంతిని కలిగించే నాడులకు చేయూతనిస్తుంది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో ప్రచురించిన గ్రంథంలో కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతిని వివరించాడు. బిగువు ఎలా ఉంటుందో తెలిసినవారికే సడలింపు తెలుస్తుందన్నది ఆ పద్ధతిలోని కిటుకు. నడక, ఆటలు, నియమిత వేళల్లో నిద్ర, మనసు విప్పి మాట్లాడగల స్నేహం కూడా మేలు చేస్తాయి. అయితే నెలల తరబడి పేరుకున్నది ఒక్క పూటలో కరగదు. ఈత వలె, సంగీతం వలె విశ్రాంతికీ సాధన కావాలి.

భారాన్ని మోస్తున్నవారికే ఉపశమన మార్గాలు బోధించి, భారాన్ని మాత్రం తగ్గించకపోవడం న్యాయం కాదు. 13 నుంచి 18 ఏళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రావైద్య నిపుణులు సూచిస్తున్నారు. చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది కూడా నిద్రలోనే. తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే చదువుల పట్టికను రూపొందించే పెద్దలు ఈ సత్యాన్ని గమనించాలి. ఆందోళన మితిమీరినప్పుడు విద్యార్థి దానిని దాచుకోవలసిన పని లేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నాగలి దున్నే ఎద్దులకు సైతం మధ్యాహ్నం కాడి దించుతాడు రైతు. అది వాటి మీద చూపే దయ మాత్రమే కాదు, సేద్యానికి అవసరమైన వివేకం. చదువుల సేద్యానికీ ఆ వివేకమే కావాలి.