అమ్మ ఎత్తు ఎంత?

ఐసీయూలో నా పని వెంటిలేటర్ల దగ్గర. రెస్పిరేటరీ థెరపిస్టునని చెబితే మనవాళ్ళు వెంటనే "అంటే డాక్టరా, నర్సా?" అంటారు. రెండూ కాదండీ. గొంతులో గొట్టం వేసిన మనిషికి మిషను ఒక్కో ఊపిరికి ఎంత గాలి ఇస్తోందో చూసుకునే ఉద్యోగం. ఒహాయోలో పదిహేనేళ్ళుగా ఇదే. తెలుగు కుటుంబం ఎవరైనా వస్తే నర్సులు నాకు కబురు పెడతారు. అసలు విషయాలు చెప్పడానికి ఆస్పత్రి దుబాసీ ఉంటారు. నాది పక్కన నిలబడి పలకరించడం మటుకే.

ఆ పలకరింపుల్లో ఎక్కువగా వినే ప్రశ్న ఒకటుంది. "ఆక్సిజన్ తొంభై దగ్గరే ఆగింది, నూటికి ఎందుకు పెంచరండీ?" మనవల్ని చూసుకుందామని వచ్చిన అమ్మ నిమోనియాతో పడిపోయింది, కొడుకు కళ్ళు మానిటరు మీద నుంచి కదలవు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట డాక్టర్లూ అలాగే అనుకున్నారు.

ఈ జబ్బు పేరు ఏఆర్‌డీఎస్. నిమోనియా కావచ్చు, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు, కారు ప్రమాదం కావచ్చు, కారణం ఏదైనా ఊపిరితిత్తుల్లో గాలి ఉండాల్సిన చిన్న చిన్న తిత్తుల్లోకి నీరు ఊరుతుంది. 1967లో డెన్వర్ వైద్యులు యాష్‌బా, బిగెలో, పెటీ, లెవీన్ 12 మంది రోగుల గురించి 'లాన్సెట్' పత్రికలో రాసినప్పటి నుంచీ దీన్ని వేరే జబ్బుగా చూడటం మొదలైంది. నెలలు నిండని పసివాళ్ళకి వచ్చే ఊపిరి జబ్బులా ఉందే అని వాళ్ళకి తోచింది. (1963లో ప్రెసిడెంట్ కెనడీ కొడుకు పాట్రిక్ రెండు రోజులు నిండకుండా పోయింది ఆ పసివాళ్ళ జబ్బుతోనే.)

అప్పట్లో మిషను మీద పెట్టినవాళ్ళకి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున పెద్ద పెద్ద ఊపిర్లు ఇచ్చేవారు. రక్తంలో అంకెలు బాగా కనిపించేవి మరి. 1980లలో ఇటలీ వైద్యుడు లుచానో గాటినోని సీటీ స్కాన్లు తీసి చూస్తే వేరే సంగతి బయటపడింది. ఊపిరితిత్తి అంతా ఒకేలా పాడవదు. చాలా భాగం నీళ్ళతో మూసుకుపోయి, గాలి ఆడే భాగం అయిదారేళ్ళ పిల్లవాడి ఊపిరితిత్తంత మిగులుతుంది. దానికి 'బేబీ లంగ్' అని పేరు పెట్టారు. పెద్దమనిషికి సరిపడే గాలంతా ఆ కాస్త భాగంలోకి కొడితే అది సాగి సాగి చిరుగుతుంది. ప్రాణం నిలబెట్టే మిషనే గాయం చేస్తోందన్నమాట.

అనుమానం సరే, రుజువు? 1994లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ కొన్ని ఆస్పత్రుల్ని కలిపి ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ ఏర్పాటు చేసింది. 1996 నుంచి 1999 దాకా 861 మంది రోగుల్ని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి కిలోకి 12 మిల్లీలీటర్లు, రెండో జట్టుకి 6. తేడా స్పష్టంగా కనబడేసరికి ముందే ఆపేశారు. పెద్ద ఊపిరి జట్టులో 39.8 శాతం మంది పోయారు, చిన్న ఊపిరి జట్టులో 31 శాతం. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి. మొదటి రోజుల్లో ఆక్సిజన్ అంకె బాగున్నది ఎక్కువమంది పోయిన జట్టులోనే. అందుకే ఇప్పుడు 88 నుంచి 95 మధ్య ఉంటే చాలంటాం.

ఇక్కడ కిలో అంటే తూకం కిలో కాదు. పప్పూ నెయ్యీ తింటే పొట్ట పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవు. వాటి సైజు ఎత్తుని బట్టి ఉంటుంది. 150 సెంటీమీటర్ల మన అమ్మకి ఆ లెక్కలో బరువు 43 కిలోలు. 6 చొప్పున 260 మిల్లీలీటర్లు, పెద్ద గ్లాసుడు. ఆవిడ తూకం 75 కిలోలే కదా అని పాత పద్ధతిలో పదేసి లెక్కేస్తే 750, దాదాపు మూడింతలు! పొట్టివాళ్ళకీ ఆడవాళ్ళకీ అవసరానికి మించి గాలి పోతోందని పరిశోధనల్లో పదే పదే తేలింది. "ఎత్తెంత?" అని అడిగితే మనవాళ్ళు "నా భుజం దాకా వస్తుంది" అంటారు. అందుకే టేపు నా జేబులో ఉంటుంది. పడుకున్న మనిషిని మడమ నుంచి నడినెత్తి దాకా కొలుస్తాను.

ఆ 861 మందిలో చాలామంది తరఫున సంతకం పెట్టింది ఇంటివాళ్ళే. ఆ కాగితం మీ చేతికీ రావచ్చు. మన ఇళ్ళల్లో అప్పుడు గుంటూరులో పెదనాన్నకి, డాలస్‌లో డాక్టరు బావకి ఫోన్లు వెళతాయి. "అమ్మ మీద ప్రయోగాలా?" అని అటునుంచి కోపం. ఒకమ్మాయి ఆ మాట విని వద్దంది. వాళ్ళమ్మకి మామూలు వైద్యంలో వీసమెత్తు తగ్గలేదు. తగ్గకూడదు, అది నియమం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. 2002లో ఈ నెట్‌వర్క్ పరిశోధనల మీదే తగువు నడిచింది, రిస్కు సంగతి కుటుంబాలకి సరిగ్గా చెప్పారా అని. అడగండి: వద్దంటే ఏ వైద్యం చేస్తారు? మధ్యలో మానుకోవచ్చా? ఏ ఖర్చు వాళ్ళది, ఏది మన విజిటర్ ఇన్సూరెన్సు మీద పడుతుంది? అమ్మే మాట్లాడగలిగితే ఏమనేది? చివరిది డాలస్ బావ చెప్పలేడు.

ఏ జట్టు మంచిదో డాక్టరుకి నిజంగానే తెలియదు. కొలెస్ట్రాల్ మందు రోసువాస్టాటిన్ పనిచేస్తుందనుకున్నారు, 2014లో లాభం లేదని తేలింది. బోర్లా పడుకోబెట్టడం మాత్రం చాలా తీవ్రంగా ఉన్నవాళ్ళలో ప్రాణాలు కాపాడింది. 2013లో ఫ్రాన్స్‌వాళ్ళు రోజుకి కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16కి దిగాయి. మందు లేదు, కొత్త మిషను లేదు, తిప్పడానికి నలుగురైదుగురు మనుషులు కావాలి. కోవిడ్‌లో ఆ తిప్పుడుతో మా నడుములు పోయాయి.

గొట్టం తీశాక ఇంటికొచ్చిన అమ్మ మెట్లెక్కలేకపోతే "సోమరితనం" అనకండి. టొరంటోలో మార్గరెట్ హెరిడ్జ్ బృందం బతికి బయటపడ్డ 109 మందిని ఏడాది పాటు చూసింది. ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నాయి, కండలు కోలుకోలేదు. ఏడాది తర్వాత కూడా ఆరు నిమిషాల్లో నడవాల్సిన దూరంలో మూడింట రెండు వంతులే నడిచారు, సగంమందే ఉద్యోగాలకి వెళ్ళారు. ఆ 109 మంది సగటు వయసు నలభై అయిదు. తిరుగు టికెట్టు కొనేముందు ఫిజియోథెరపిస్టుతో ఒకసారి మాట్లాడండి.