సిరా, కాగితం పక్కన పెట్టి...

ఆమధ్య ఒక పెద్దావిడ ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. కొడుకు విదేశంలో ఉంటాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. కుశలప్రశ్నలయ్యాక కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి ‘అయ్యగారూ, ఒక సంగతి...’ అంటూ మొదలుపెట్టింది. అంతలో నా జేబులో ఫోన్‌ మోగింది. ‘ఒక్క నిమిషం అమ్మా’ అంటూ వరండాలోకి వెళ్లాను. పది నిమిషాలకు తిరిగొచ్చి ‘ఏదో చెప్పబోయారు’ అన్నాను. ‘ఏం లేదయ్యగారూ, ప్రార్థన చేయండి’ అందామె. ఆ ఫోన్‌ ఎవరు చేశారో ఎప్పుడో మర్చిపోయాను. ఆ ముఖం మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 300 మందికి పైగా వ్యక్తులను ఆత్మీయులతో కలిసి భోంచేయమన్నారు. కొందరి ఫోన్లు బల్లమీద ఉంచారు, మరికొందరివి పక్కన పెట్టించారు. ఫోన్‌ ఎదుట ఉన్నవారి ధ్యాస ఎక్కువగా చెదిరిందని, కలిసి కూర్చున్న ఆనందం కొంత తగ్గిందని 2018లో ప్రచురించారు.

ఆదిమ సంఘం రోజుల్లో దూరాన ఉన్నవారితో మాట్లాడే సాధనం ఉత్తరమే. యోహాను రెండవ పత్రిక 13 వచనాల చిన్న ఉత్తరం. చెప్పాల్సినవి చాలా ఉన్నా, వాటిని సిరాకు, కాగితానికి అప్పగించడం ఆయనకిష్టం లేదు. స్వయంగా వచ్చి ముఖాముఖి మాట్లాడాలన్నదే ఆయన ఆశ, సంపూర్ణానందం అందులోనే ఉందన్నాడు (2 యోహాను 1:12). ఆయన ఉత్తరాన్ని తప్పుపట్టలేదు, దాని హద్దు తెలుసుకున్నాడు. దూరదేశంలోని మనవడి ముఖం చూపించే ఫోన్‌ మేలైనదే! ఎదుట కూర్చున్న మనిషిని అదే దూరం చేస్తే మాత్రం అది హద్దు దాటినట్టే!!

యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉందని యేసుప్రభువు పరుగున వెళ్లాల్సిన వేళ అది. అంతకన్నా అత్యవసరమైన పిలుపు ఏముంటుంది? అయినా 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ తన వస్త్రాన్ని ముట్టగానే ఆగాడు. ఆమెకు స్వస్థత అప్పటికే కలిగింది. అయినా ఆమె భయపడుతూ తన సంగతంతా చెప్పుకునేదాకా ప్రభువు కదల్లేదు (మార్కు 5:21–34). ఆమెకు మందుతోపాటు వినేవాడు కూడా కావాలని ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా నా ఫోన్‌ స్కూటర్‌ డిక్కీలోనే ఉంటోంది. ఆ పెద్దావిడ ఇంటికి మరో రెండుసార్లు వెళ్లాను. ఆమె ఆ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పేదాకా వెళ్తూనే ఉంటాను.