దాంపత్యమునకు ఆదాయపు కొలత

పిల్లనిచ్చుటకు ముందు వరుని సంపాదన విచారించుట మన పెద్దల వాడుక. తాళి కట్టిన పిమ్మట దంపతులు ఒక్క ఇంట కాపురముండుట వారి సొంత విషయము. కాని భార్యాభర్తలలో ఒకరు ఒక దేశమునను, మరొకరు వేరొక దేశమునను ఉన్నపుడు, మామగారు అడుగవలసిన ప్రశ్నను ప్రభుత్వమే, అదియు పెండ్లి అయిన తరువాత, అడుగుచున్నది. దీనికి బ్రిటన్ చక్కని నిదర్శనము.

ఆ దేశపు పౌరుడుగాని, అచట శాశ్వత నివాసము పొందినవాడుగాని తన భార్యను రప్పించుకొనవలెనన్నచో, వివాహము యథార్థమైనదని చూపుట ఒక్కటే చాలదు; నిర్ణీతమైన ఆదాయమును కూడ చూపవలెను. 2012 జూలై 9న ఈ నియమము అమలులోనికి వచ్చినపుడు ఆ మొత్తము సంవత్సరమునకు 18,600 పౌండ్లు. 2024 ఏప్రిల్ 11 నుండి కొత్త దరఖాస్తులకు దానిని 29,000 పౌండ్లకు పెంచిరి.

వచ్చిన కుటుంబము ప్రభుత్వ భత్యములపై ఆధారపడరాదనుట ఇందలి ఉద్దేశము. ఆ ఉద్దేశమును తప్పుపట్టువారు అరుదు. చిక్కంతయు కొలుచు విధానమునందున్నది.

హైదరాబాదులో ఇంజనీరుగా పనిచేయుచున్న ఒక యువతిని ఊహింపుడు. విదేశమునుండి దరఖాస్తు చేయునపుడు ఆమె జీతము లెక్కకు రాదు. బ్రిటన్‌లోనున్న భర్త జీతమే ప్రమాణము. సాధారణముగా అతడు ఒకే యజమానివద్ద ఆరు నెలలు పనిచేసి, జీతపు చీటీలును బ్యాంకు ఖాతాయు సరిపోలునట్లు చూపవలెను. 2024 ఏప్రిల్‌లో అచటి పెద్దల కనీస వేతనము గంటకు 11.44 పౌండ్లు. వారమునకు 40 గంటల చొప్పున ఏడాది పొడవునను శ్రమించినను ఆ వేతనముతో 23,800 పౌండ్లు రావు. ఆరోగ్యముతో పూర్తికాలము పనిచేయువాడు సైతము గీతకు దిగువనే నిలిచిపోవుచున్నాడన్నమాట.

జీతము చాలనివారికి నిలువ సొమ్ము చూపు మార్గము కలదు. మొదటి 16,000 పౌండ్లు లెక్కలోనికి రావు. ఆపైన, తక్కువపడిన ప్రతి పౌండునకు రెండున్నర పౌండ్లు ఉండవలెను. జీతము 25,000 అయినచో లోటు 4,000. దానికి రెండున్నర రెట్లు 10,000. వెరసి 26,000 పౌండ్లు ఆరు నెలలుగా చేతిలో ఉండవలెను. జీతమే లేనివానికి ఈ మొత్తము 88,500.

ఈ లెక్కల భారము పిల్లలపై పడుచున్నది. ఈ నియమము వలన కనీసము 15,000 మంది బాలలు బాధితులైరని ఇంగ్లండు బాలల కమిషనరు 2015లో వెలువరించిన నివేదిక అంచనా వేసెను. తండ్రినో తల్లినో కంప్యూటరు తెరపై మాత్రమే చూచు ఆ సంసారములకు ‘స్కైపు కుటుంబములు’ అను పేరు వచ్చినది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు, ఆదాయపు నియమము మౌలికముగా చట్టసమ్మతమే యనుచు, బాలల క్షేమమును తగురీతి గణింపకపోవుట మాత్రము తప్పని తీర్పు చెప్పెను. మొత్తమును 38,700కు చేర్చెదమని 2023 డిసెంబరులో చేసిన ప్రకటన అమలు కాలేదు. అది కుటుంబములకు తగిన కొలత కాదని ప్రభుత్వపు వలస సలహా సంఘమే 2025 జూన్‌లో అభిప్రాయపడెను.

మరల ఆ యువతి సంగతికి వత్తము. ఎట్లో వీసా లభించి ఆమె బ్రిటన్ చేరినదనుకొందము. అచట ఆమె ఉద్యోగము చేయవచ్చును. రెండు సంవత్సరముల పైచిలుకు కాలము గడచి వీసా పొడిగింపు కోరునపుడు, అచట ఆమె సంపాదించు జీతమును భర్త జీతముతో కలిపి లెక్కింతురు. చదువు అదే, నేర్పు అదే, మనిషియు అదే. గడప కీవల సున్నయైనది గడప దాటగానే సంఖ్యయైనది. ఆ సంఖ్యను ముందుగానే చూచి యున్నచో, ఎన్ని ఇండ్లలో పిల్లలు తెరను గాక తండ్రి చేయి పట్టుకొని బడికి పోయియుందురో!