నడుమున పుట్టు రాళ్లు

అనంతపురం పల్లెలలో నడుము పట్టుకొని మెలికలు తిరుగు వానిని చూచి పెద్దలు ముందుగ బోరునీటిని నిందింతురు. ఆ నీరు కాగిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును. గిన్నెలో కట్టినది కడుపులో కట్టదా యని వారి తర్కము. వినుటకు బాగుగనే యున్నది గాని, శాస్త్రము దీనికి పూర్తిగ సమ్మతింపదు. మూత్రపిండములలోని రాళ్లు పెక్కులు కాల్షియము, ఆగ్జలేటు అను రెండింటి కలయిక. పాలకూర, వేరుసెనగ వంటివానిలో ఆగ్జలేటు కలదు. భోజనముతో చేరిన కాల్షియము దానిని పేగులలోనే పట్టి బయటకు పంపివేయును. కాల్షియము తక్కువ తినువారికే రాళ్లు ఎక్కువని, 45,000 మందికి పైగా పురుషులను పరిశీలించి 1993లో అమెరికా వైద్యులు ప్రకటించిరి.

మరి దోషమెక్కడ? ఎండలో. చెమటగ పోయిన నీరు మూత్రముగ రాదు. మిగిలిన కొద్దిపాటి మూత్రములో లవణములు చిక్కబడి స్ఫటికములగును. కువైటు, ఇరాకు ఎడారులకు పోయి రాళ్ల పాలైన అమెరికా సైనికులకు, అడుగిడిన పిమ్మట సగటున 93 దినములకే బాధ పొడసూపెనని 2005లో వెల్లడియైనది. మారినది వారి వంశము కాదు, వాతావరణము.

అనంతపురం సీమ పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ చేలలో కలుపు తీయు స్త్రీలకు నీరు దొరకకపోవుట యొకటే కాదు, చాటు కూడ దొరకదు. అందుచేత దాహమైనను అణచుకొందురు. ఈ సంగతి వైద్యగ్రంథములలో అరుదుగ కనిపించును.

అశ్మరి ప్రాయికముగ బాలురకు వచ్చునని సుశ్రుతుడు వ్రాసెను. నేడిది వింతగ తోచును గాని, 19వ శతాబ్దమున ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతమున పేదబిడ్డల మూత్రాశయములలో రాళ్లు మెండు. పాలు చాలక, ఒట్టి గింజల తిండితో పెరుగుటయే కారణమందురు. తిండి మెరుగుపడగా ఆ వ్యాధి తగ్గినది. పెద్దల మూత్రపిండములలోని రాళ్లు మాత్రము పెరిగినవి. అమెరికాలో 1976–80 నడుమ నూటికి 3.8 మందికి రాళ్లు వచ్చియుండగా, 2007–10 నాటికి ఆ లెక్క 8.8కి చేరినది. అక్కడ స్థూలకాయమును, ఉప్పును తప్పు పట్టుదురు. ఇక్కడి కూలివానికి ఆ రెండింటికన్న ముందు ఎండ యున్నది.

ఉలవకట్టు, కొండపిండి ఆకు కషాయము మన పల్లెల మందులు. వానికి రాయిని కరగించు గుణమెంతయో గాని, వానితో లోనికి పోవు నీరు మేలే చేయును. దినమునకు రెండున్నర లీటర్ల మూత్రము వచ్చునంత నీరు త్రాగుమని వైద్యుల మాట. చెమటగ పోవునది దీనికి అదనము. బోరు ఎండిన వేసవిలో, చేనికి పోవు కూలితల్లి చంకన మోయగలది ఒక చిన్న బిందె. అందులోనే బిడ్డకును పాలు.