సింహళమున మన గిరిగారు

రాష్ట్రపతులైన వరాహగిరి వేంకటగిరిగారి పేరు మన విద్యార్థు లెల్లరు నెరుగుదురు. అంతకు పూర్వము వారు రాయబారిగా గడపిన నాలుగేండ్ల కథ తెలిసినవారు అరుదు. మేమిచట ముఖ్యముగా చెప్పదలచినది దానినే.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురమున తెలుగు కుటుంబములో జన్మించిరి. అప్పుడు గంజాము మదరాసు రాజధానిలోనిది. మన కోరాపుట్టు, రాయగడ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1936 ఏప్రిలు 1న ఇవి ఒరిస్సాలో చేరినవి. ఇండ్లు కదలలేదు, ఎల్ల కదలినది.

వారు డబ్లినులో న్యాయశాస్త్రము చదివి 1916లో తిరిగివచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులైరి. (మన రాయగడ రైలుదారిని వేసినదియు ఆ కంపెనీయే.) 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత కార్మిక ప్రతినిధిగా వెళ్ళిరి. 1937 ఎన్నికలలో మన పొరుగున ఉన్న బొబ్బిలిలో సాక్షాత్తు రాజావారినే ఓడించి మదరాసు మంత్రులైరి.

1947లో ప్రభుత్వము వారిని సింహళమునకు, అనగా నేటి శ్రీలంకకు, హైకమిషనరుగా పంపెను. కామన్వెల్తు దేశములు పరస్పరము పంపుకొను రాయబారికి ఆ పేరు. అచటి తేయాకు తోటలలో తాతల నాడు వలసపోయిన తమిళ కూలీలు లక్షలకొలది ఉండిరి. 1948 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము అచట పుట్టినవాడును, తన తండ్రియైనను, లేదా తాత ముత్తాత లిరువురును ఆ దేశముననే పుట్టిరని రుజువు చేయవలెను. తోట కూలీకి ముత్తాత జనన పత్ర మెక్కడిది? లక్షలమంది ఏ దేశమునకును చెందనివారైరి. మరుసటి యేడు ఓటును పోయెను.

ఇచట రాయబారి చిక్కును గమనింపుడు. సమ్మెలు నడపిన నాయకుడు పరదేశమున సమ్మెకు పిలుపు నీయరాదు. ఆ ప్రభుత్వముతో మాటలాడవచ్చును, లేఖలు వ్రాయవచ్చును, అంతియే. కూలీలు భారత పౌరులే యన్నచో అచట వారి హక్కు పోవును. కారన్నచో వారి పక్షమున మాటలాడు అధికారము తరుగును. మన పెద్దలకు ఎల్ల మారినను దేశము మారలేదు. బడిలో ఏ భాషయన్నదే ప్రశ్నయైనది గాని ఓటు పోలేదు.

1951లో గిరిగారు తిరిగివచ్చునాటికి ఆ ముడి వీడలేదు. 1964 ఒడంబడికలో 5,25,000 మందిని భారతమును, 3,00,000 మందిని సింహళమును స్వీకరించుటకు సమ్మతించినవి. మిగిలిపోయినవారికి 2003 చట్టముతో గాని దారి దొరకలేదు.

గిరిగారు 1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రులైరి. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వము సవరించుట సహింపక 1954లో పదవిని విడిచిరి. సింహళమున చేయవీలుకానిది స్వదేశమున చేసి చూపిరని మా తలంపు.