పెరటి గుంటలోని చేపలను ఎట్లు అంచనా వేయవలెను?

పెరటిలో నీటిగుంట ఉన్న ఇల్లు కొన్నవారికి మొదట కలుగు సందేహము, అందులో చేపలెన్ని ఉన్నవని. ఇల్లు అమ్మినవారు వందలు ఉన్నవని చెప్పి యుండవచ్చును. ఒక్కటియు లేదని చెప్పి యుండవచ్చును. ఏ మాట చెప్పినను, దానిని నమ్మి ఊరకుండుట తగదు. ఆ గుంట గోదావరి తీరముననైనను, కేరళమునందైనను, వంగదేశమునందైనను, ఆరోగ్యదృష్టితో అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఆ నీటిలో పుట్టు దోమపిల్లలను తినగల చేపలు అందున్నవా, లేవా?

దోమ నీటిమీద గ్రుడ్లు పెట్టును. వాటినుండి వెడలు పిల్లపురుగులనే లార్వాలందురు. మన దేశపు వేడిమిలో సుమారు పది దినములలో అవి రెక్కలదోమలై ఎగిరిపోవును. మలేరియా క్రిమి దోమ శరీరములో పెరుగుటను రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో కనుగొనెను. ఆ జాతి దోమను అనాఫిలిస్ అందురు. దాని లార్వా నీటి ఉపరితలమునకు సమముగా పరుండి యుండును. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ లార్వా తల క్రిందుగా ఏటవాలుగా వ్రేలాడుచుండును. రెండును గాలికొరకు నీటిపైకి రాక తప్పదు. చేపకు అవి చిక్కునది అక్కడనే.

కావున పెద్ద చేపలను చూచి తృప్తిపడరాదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటివి నూరు ఉన్నను, గట్టు ప్రక్కన గడ్డి మొలచిన బెత్తెడు నీటిలోనికి అవి రావు; లార్వాలు దాగునది ఆ నీటిలోనే. మనకు కావలసినవి అంగుళము, రెండంగుళముల పొడవు గలిగి, నోరు పైకి తిరిగి, నీటిపైననే మేయు చిన్న చేపలు. గప్పీ, గంబూసియా అట్టివి. ఇవి రెండును విదేశములనుండి తెచ్చినవి. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. గప్పీ కొంత మురికినీటికి కూడ ఓర్చును. మన దేశపు చేపలలో తలపై వెండిచుక్క మెరయుచు నీటిపైన తిరుగు చిన్నచేప ఈ పనికి తగినది. అది ముందే ఉన్నచో క్రొత్తవానిని తెచ్చి వదలవలసిన అవసరము తక్కువ.

చూచుటకు తగిన వేళ ఉదయము, గాలి లేనప్పుడు. గట్టుపై నీడ పడకుండ కూర్చుండి చిటికెడు తవుడు చల్లి పావుగంట నిరీక్షించవలెను. చిన్న చేపలు ముందు వచ్చును. తెల్లవారుజామున చేపలన్నియు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో అది ఆకలి కాదు. నీటిలో ప్రాణవాయువు చాలలేదని గుర్తు. కుళ్లిన ఆకులను తీసివేయవలెను.

లెక్కయే కావలెనన్నచో ఒక సులభోపాయము కలదు. వలతో నలుబది చేపలను పట్టి, తోకరెక్క అంచును కొద్దిగా కత్తిరించి, తిరిగి వదలవలెను. మూడు నాలుగు దినములకు మరల వల వేయగా ఏబది చేపలు పడి, వానిలో పదింటికి గుర్తు ఉన్నదనుకొందము. పట్టినవానిలో అయిదవ వంతుకు గుర్తు ఉన్నది గాన, మొదట గుర్తుపెట్టిన నలుబదియు మొత్తములో అయిదవ వంతు. అనగా గుంటలో ఇంచుమించు రెండువందల చేపలు. అయితే ఒకే మూల వల వేసినచో ఈ లెక్క తప్పును. అతి చిన్న చేపలను కత్తిరించుట హింసయే. వానిని విడిచిపెట్టుట మేలు.

ఇంతకంటె నమ్మదగిన పరీక్ష తెల్లని గరిటె. గట్టు వెంట పది చోట్ల, ముఖ్యముగా గడ్డి మొదళ్లలోను పశువుల గిట్టల గుంటలలోను, నీటిని మెల్లగా ముంచి వెలుతురులో చూడవలెను. తోకాడించు పురుగులు కనబడినచో, చేపలు ఎన్ని ఉన్నను ఆ చోటికి చేరుట లేదన్నమాట. అప్పుడు గడ్డి కోయవలెను, అంచును నిలువుగా చెక్కవలెను. గరిటెకు చిక్కనివి మాన్సోనియా జాతి లార్వాలు. అవి అంతరతామర, గుర్రపుడెక్క మొక్కల వేళ్లను పట్టుకొని వానినుండియే గాలి పీల్చును, పైకి రావు. కేరళలో చేర్తల ప్రాంతపు బోదకాలు వ్యాధికి ఈ దోమయే కారణమైనది. ఈ మొక్కలను వేళ్లతో లాగి ఎండబెట్టుటయే దీనికి ఉపాయము.

చేపలు చాలనిచో, నీటి అంచు మీటరుకు అయిదు నుండి పది చొప్పున గప్పీలను వదలవచ్చును. తెచ్చిన పాత్రను కొంతసేపు గుంటలో తేల్చి, రెండు నీళ్ల వేడిమి సమమైన పిమ్మట వదలవలెను. గుంటలో కొరమీను ఉన్నచో ముందు దానిని పట్టివేయవలెను. లేనిచో మనము వదలినవి దానికి విందగును. వాననీటికి పొంగి కాలువలో కలియు గుంటలో గంబూసియాను ఎన్నడును వదలరాదు. అది ఇతర చేపల పిల్లలను, కప్పల గ్రుడ్లను తిని దేశీయ జాతులకు చేటు తెచ్చును. తోటలో చల్లు పురుగుమందులలో కొన్ని, ముఖ్యముగా పైరిత్రాయిడు జాతివి, చేపలకు విషము. కారణము తెలియక చచ్చి తేలిన చేపలను తినరాదు.

డెంగ్యూ దోమ పుట్టునది సాధారణముగా ఇట్టి గుంటలలో కాదు. తొట్లు, కుండలు, పాత టైర్లలో. గుంటలో చేపలున్నవని వానిని మరచుట ప్రమాదము. వారమునకొకసారి తొట్లు ఖాళీచేసి, తోమి ఆరబెట్టవలెను.

నడక నేర్చిన బిడ్డ ఉన్న ఇంటిలో, చేపల లెక్కకు ముందే గుంట చుట్టు కంచె వేయవలెను. జ్వరము వచ్చినచో, గరిటె పరీక్షలో ఏమియు కనబడకున్నను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించుకొనవలెను. వర్షాకాలమున గట్టు తెగి చేపలు కొట్టుకొనిపోవుట సాధారణము గాన, వానలు వెలిసిన వెంటనే గరిటె పరీక్షను మరల చేయవలెను.