లింక్ మీద ఎంతమంది ఉన్నారో లెక్కేస్తే చాలదు: సిమ్యులేషన్‌లో బ్యాండ్‌విడ్త్ పంపకం

నెట్‌వర్క్ సిమ్యులేషన్ మీద మనం చేసుకుంటున్న ఎపిసోడ్స్‌లో ఇవాళ్టి టాపిక్ ఇది: ఒకే లింక్ మీద మూడు నాలుగు ట్రాన్స్‌ఫర్లు ఒకేసారి నడుస్తుంటే, సిమ్యులేటర్ ఎవరికి ఎంత బ్యాండ్‌విడ్త్ ఇస్తుంది? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ "రాత్రి బ్యాకప్ తెల్లారేలోపు అయిపోతుందా, లేక పెద్ద లింక్ కొనాలా" అనే నిర్ణయం దీని మీదే నడుస్తుంది. పెన్నూ పేపరూ దగ్గర పెట్టుకోండి.

రాయదుర్గంలో, మెట్రో బ్లూ లైన్ చివరి స్టేషన్ దాటి నాలెడ్జ్ సిటీ వైపు వెళ్తే ఒక ఆఫీసు ఉందనుకుందాం. ఆఫీసూ, అంకెలూ మనం ఊహించుకున్నవే. అక్కడి నుంచి నగరంలోని డేటా సెంటర్‌కి 100 ఎంబీపీఎస్ లింక్ ఉంది. డేటా సెంటర్ నుంచి ముంబైకి 60 ఎంబీపీఎస్ లింక్ ఉంది.

ఇప్పుడు నాలుగు ట్రాన్స్‌ఫర్లు. వీటినే ఫ్లో అంటాం. మొదటిది ఆఫీసు నుంచి ముంబై దాకా ఆగకుండా వెళ్తున్న కాపీ. దీన్ని ముంబై కాపీ అందాం, ఇది రెండు లింకులూ వాడుతుంది. రెండోది మన బ్యాకప్, 90 జీబీ. ఇది డేటా సెంటర్ దాకానే, అంటే మొదటి లింక్ మాత్రమే. మూడు, నాలుగు విజయవాడ, వైజాగ్ బ్రాంచిలవి. అవి వేరే దారిలో డేటా సెంటర్‌కి వచ్చి, అక్కడి నుంచి ముంబై లింక్ ఎక్కుతాయి. బ్యాకప్ రాత్రి 2 గంటలకి మొదలవుతుంది, 5 లోపు అయిపోవాలి.

చాలామంది వేసే లెక్క ఏంటంటే, మొదటి లింక్ మీద ఇద్దరున్నారు, 100ని రెండుతో భాగిస్తే 50. 90 జీబీ అంటే 7,20,000 మెగాబిట్లు. 50తో భాగిస్తే 14,400 సెకన్లు, సరిగ్గా 4 గంటలు. "టైమ్ సరిపోదు, పెద్ద లింక్ కొనండి" అనేస్తారు.

ఒక్క నిమిషం ఆగండి. ముంబై కాపీ ఆ 50ని వాడుకోగలదా? ముందు సందు ఇరుకైతే వెనక రోడ్డు ఎంత వెడల్పుంటే ఏం లాభం? ముంబై లింక్ మీద ముగ్గురున్నారు, 60ని ముగ్గురికి పంచితే తలా 20. అంటే ముంబై కాపీకి 20 మించి రాదు. మరి మొదటి లింక్‌లో మిగిలిన 80? అది ఖాళీగా ఉండదు, బ్యాకప్‌కి వెళ్తుంది. ఈ లెక్కన బ్యాకప్ రెండున్నర గంటల్లో అయిపోవాలి.

ఈ పద్ధతి పేరు మ్యాక్స్-మిన్ ఫెయిర్‌నెస్. 1987లో వచ్చిన బెర్ట్‌సెకాస్, గాలగర్‌ల 'డేటా నెట్‌వర్క్స్' పుస్తకంలో ఇది వివరంగా ఉంటుంది. చేసేది సింపుల్. అన్ని ఫ్లోలనీ సున్నా నుంచి సమానంగా పెంచుకుంటూ పోండి. ఏదో ఒక లింక్ ముందు నిండుతుంది. దాని మీదున్న ఫ్లోలని అక్కడే ఆపేయండి. మిగతావాటిని ఇంకో లింక్ నిండేదాకా పెంచండి. అందరూ ఆగేవరకూ ఇదే.

అయితే అసలు తమాషా ఇప్పుడుంది. బ్రాంచిల ట్రాన్స్‌ఫర్లు రెండూ అరగంటలో అయిపోయాయి అనుకోండి. ముంబై లింక్ మీద ముంబై కాపీ ఒక్కటే మిగిలింది, ఇక దానికి అక్కడ అడ్డు లేదు. మొదటి లింక్‌లో తన సగం వాటా తీసుకుంటుంది. బ్యాకప్ 80 నుంచి 50కి పడిపోతుంది! తను అసలు వాడని లింక్ మీద ఎవరో పని ముగించుకుంటే, ఇక్కడ మన స్పీడు తగ్గింది.

లెక్క చూడండి. అరగంటలో 80 చొప్పున 1,44,000 మెగాబిట్లు వెళ్ళాయి. మిగిలిన 5,76,000కి 50 చొప్పున 3 గంటల 12 నిమిషాలు. మొత్తం 3 గంటల 42 నిమిషాలు. 4 గంటలూ తప్పే, రెండున్నరా తప్పే. అందుకే సిమ్యులేటర్ ఒక ఫ్లో మొదలైనా, ముగిసినా పంపకం మళ్ళీ లెక్కేయాలి.

"ప్యాకెట్ ప్యాకెట్‌నీ సిమ్యులేట్ చేస్తే పోలా?" అని మీరు అడగొచ్చు. ఎన్ఎస్-3 లాంటివి చేసేది అదే. కానీ 90 జీబీని 1500 బైట్ల చొప్పున ముక్కలు చేస్తే 6 కోట్ల ప్యాకెట్లు! సిమ్‌గ్రిడ్ లాంటి ఫ్లో స్థాయి సిమ్యులేటర్‌కి ఇక్కడ నాలుగైదు సంఘటనలు చాలు. సెకన్లో జవాబు వస్తుంది. బదులుగా కొంత నిజాన్ని వదులుకుంటాం.

ఏం వదులుకుంటాం? టీసీపీ అచ్చంగా ఇలా సమానంగా పంచదు. ప్యాకెట్ వెళ్ళి జవాబు రావడానికి తక్కువ టైమ్ పట్టే ఫ్లోకి సాధారణంగా ఎక్కువ వాటా దక్కుతుంది. ఇంకోటి, హెడర్లు పోతే 100లో అసలు డేటాకి మిగిలేది సుమారు 95. అలాగే లింక్ రకం సరిగ్గా ఇవ్వాలి. సిమ్‌గ్రిడ్‌లో 'షేర్డ్' అంటే అందరూ పంచుకునేది. 'స్ప్లిట్ డూప్లెక్స్' అంటే రాకకీ పోకకీ వేర్వేరు. 'ఫ్యాట్‌పైప్' అంటే ఎంతమంది వచ్చినా ఒకరి వల్ల ఇంకొకరికి తగ్గదు. మన ఆఫీసు లింక్‌కి పొరపాటున ఫ్యాట్‌పైప్ పెడితే బ్యాకప్ ఎప్పుడూ 100తో పరిగెడుతుంది. రిపోర్టు అద్భుతంగా ఉంటుంది, నెట్‌వర్క్ మాత్రం అలా ఉండదు.

మరి మన ఆఫీసు ఏం చేయాలి? ముంబై కాపీకి రాత్రి 2 నుంచి 5 వరకూ 20 దాటకుండా పరిమితి పెట్టి మళ్ళీ లెక్కేయండి. బ్యాకప్ 80 దగ్గరే ఉంటుంది. హెడర్ల ఖర్చు తీసేసినా సుమారు 2 గంటల 40 నిమిషాల్లో పూర్తి. కొత్త లింక్ కొనక్కర్లేదు.

ఇక మీకో హోంవర్క్. పరిమితి ఏదీ పెట్టకుండా, నాలుగు ఫ్లోలూ నడుస్తుండగా ముంబై లింక్‌ని 60 నుంచి 90కి పెంచామనుకోండి. మన బ్యాకప్ స్పీడ్ పెరుగుతుందా, తగ్గుతుందా? పేపర్ మీద చేసి కామెంట్‌లో రాయండి. ఉంటానండి.